రాతి మీద ఒక్క వాక్యం

జూన్ 3, మంగళవారం, ఉదయం 11 గంటలు

ఈ డైరీ మందుల షాపతను ఊరికే ఇచ్చాడు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో రోజూ రాసుకోమన్నాడు. ఐదు నెలలుగా ఇందులో ‘వేసుకున్నాను’ తప్ప ఇంకో మాట లేదు. ఇవాళ ఒక్క మాటతో సరిపెట్టడం నా వల్ల కాదు.

మాజీ సైనికుల సంఘం సెక్రటరీ ఫోన్ చేశాడు. ఏటా చనిపోయిన జవాన్లకు పూలు పెడతాం. ఈసారి మాకంటే ముందు వెళ్ళిపోయిన మా భార్యలను తలుచుకోవాలని కమిటీ అనుకుంది. మా సంఘంలో భార్య పోయినవాళ్ళం ముప్ఫై ఒక్క మందిమి. హాలు గోడకు నల్లరాయి పలక, దాని మీద ముప్ఫై ఒక్క పేర్లు. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం, ఎవరో ఒక భార్య తన భర్తకు రాసిన ఉత్తరంలోంచి తీసుకున్నది. పోయిన నెల అందరి దగ్గరా ఉత్తరాలు అడిగి తీసుకున్నారు. నూటముప్ఫై ఏడు ఉత్తరాలు చదివి, ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చి, అందులోంచి మా ఆవిడ వాక్యాన్ని ఎంచారు.

మా ఆవిడదే. నేను రెండుసార్లు అడిగాను. నీదేనయ్యా డ్రైవరూ, చెవుల్లో దూది తియ్యి అన్నాడు సెక్రటరీ.

వాక్యం ఇది. “మీరు వెళ్ళాక ఇంట్లో సామానంతా ఎక్కడిది అక్కడే ఉంది. నన్నే ఎక్కడ పెట్టుకున్నానో వెతుక్కుంటున్నాను.”

నలభై మూడేళ్ళ కిందటి నీలం మడత ఉత్తరం. మంచులో లారీ ఆగిపోయిన రోజుల్లో ఆ వాక్యాన్ని జేబులో పెట్టుకుని బతికాను. రాయి తెరిచే రోజు దాకా ఎవరికీ చెప్పొద్దని సెక్రటరీ ఆర్డరు. కాబట్టి వాక్యం చెప్పలేదు, సంగతి మాత్రం చెప్పాను. కూరగాయల బండి అతనికి చెప్పాను. ఏటీఎం గార్డుకి చెప్పాను. పళ్ళ డాక్టరుకి చెబుతుండగా నోట్లో దూది కుక్కాడు, సగమే చెప్పగలిగాను.

సాయంత్రం

అమ్మాయికి ఫోన్ చేశాను. దానికి ఒక్కదానికి వాక్యం చెబితే తప్పు లేదు, తల్లి మాట కదా. బస్సు డిపోలో టైమ్ కీపర్ మా అమ్మాయి. ఏ వాక్యం నాన్నా అంది. చదివాను. మంచిదే నాన్నా, డ్యూటీలో ఉన్నాను అని పెట్టేసింది.

సంతోషం ఎక్కువైతే మాటలు తక్కువవుతాయి మరి.

జూన్ 4, బుధవారం

వేసుకున్నాను. ఆ ఊపులో రెండోది కూడా వేసుకున్నానేమో.

జూన్ 6, శుక్రవారం

సంఘం వాళ్ళు ఒక కాగితం పంపారు. ప్రతి ఒక్కరూ తన భార్య గురించి ఒక పేజీ రాసి సభలో చదవాలి. రాయడానికి తేలికగా ఉంటుందని కింద ప్రశ్నలు కూడా ఇచ్చారు. ఆమెకు ఇష్టమైన రంగు. ఆమెకు తెలిసిన పని. ఆమె తరచుగా అనే మాట.

రంగు దగ్గరే బండి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉండేవాణ్ణి. రిటైరయ్యాక ముప్ఫై రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. తను పోయి నాలుగేళ్ళు. అయినా రంగు తెలియదు. ఆకుపచ్చ అని రాసి కొట్టేశాను. ఆకుపచ్చ నాకు ఇష్టం, లారీ రంగు కాబట్టి.

తరచుగా అనే మాట మాత్రం ఠక్కున గుర్తొచ్చింది. ఫ్యాను ఆపి వెళ్ళండి. రాయి మీద అంత గొప్ప వాక్యం పెట్టించుకుని కాగితం మీద ఇది రాస్తే ఏం బాగుంటుంది?

జూన్ 7, శనివారం, మధ్యాహ్నం

గరిటె వచ్చాడు. గరిటె అంటే మా సంఘంలోనే ఒకప్పటి పటాలం వంటవాడు. నాలుగు వందల మందికి వండిన చేయి, అందుకే ఆ పేరు. ఆరేళ్ళ కిందట పెన్షన్ లైన్లో పరిచయం. తను వేరే యూనిట్, నేను వేరే యూనిట్. భార్య పోయి ఇరవై ఆరేళ్ళయింది.

పెద్ద పేరు తెచ్చావు కదయ్యా, టీ పొయ్యవా అన్నాడు. తాగాక చొక్కాలోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీశాడు. వాళ్ళావిడ ఉత్తరాలు. కమిటీకి ఎందుకివ్వలేదయ్యా అన్నాను. ఇవ్వడానికి అవేమైనా పాత బట్టలా అన్నాడు. గరిటెకు చదవడం రాదు. అప్పట్లో యూనిట్ గుమాస్తా చదివి వినిపించేవాడట. ఇప్పుడు పేజీ నింపాలి కాబట్టి ఒకటి చదివి పెట్టమన్నాడు, రాసేది మనవరాలు రాస్తుందట.

ఉత్తరం విప్పాను.

చేతిరాత మా ఆవిడది.

నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ‘ళ’ తోకను అలా పైకి విసిరేది భూమ్మీద తనొక్కతే. పంపిన అడ్రసు చూశాను. మావాళ్ళున్న క్వార్టర్సే, రెండు గదుల అవతల.

చదవడం మొదలుపెట్టాను. చీపురు అలిగి మూల కూర్చుందట, బతిమాలితే గానీ ఊడవలేదట. పాలు తనను చూసి పొంగడం మానేశాయట. గరిటె కళ్ళు మూసుకుని నవ్వుకుంటున్నాడు. తర్వాతి వరుసలో ఆ వాక్యం ఉంది. నా వాక్యం. అక్షరం తేడా లేదు.

తేదీ చూశాను. ఫిబ్రవరి పద్నాలుగు. నా ఉత్తరం అదే ఏడాది ఫిబ్రవరి ఇరవై ఎనిమిదోది.

ఆ వరుస దాటేసి కింది వరుస చదివాను.

ఏమయ్యా, గేరు జారిందా అన్నాడు గరిటె. అక్కడ ఇంకో మాట ఉండాలి అని, కళ్ళు తెరవకుండా ఆ వాక్యం మొత్తం అప్పజెప్పాడు. గుమాస్తా చేత నాలుగుసార్లు చదివించుకున్నాడట. అద్దాలు సరిగా లేవోయ్ అన్నాను.

ఆ మాటే రాతికి ఎక్కబోతోందని తనకు తెలియదు. నేను చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

ఆలోచిస్తే ఇది ఇంకా పెద్ద సంతోషం. మా ఆవిడ ఊరందరికీ ఉత్తరాలు రాసిపెట్టింది. ఎంతమంది జవాన్లు తన అక్షరాలు జేబులో పెట్టుకుని తిరిగారో. నేను గర్వపడాలి. పడుతున్నాను.

మరి ఆ వాక్యం ఎవరిది?

కలం తనది. అంటే తనదే. గరిటె భార్య ఏదో చెప్పి ఉంటుంది, మా ఆవిడ దాన్ని చక్కగా మార్చి ఉంటుంది. అంతే. చక్కగా మార్చింది కాబట్టే తనకు నచ్చి నాకూ రాసింది. అంతే.

మాత్ర వేసుకున్నది గుర్తు లేదు.

జూన్ 9, సోమవారం, సాయంత్రం

అమ్మాయి డ్యూటీ దిగగానే డిపోకే వెళ్ళాను. క్యాంటీన్ బల్ల మీద రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టాను. గరిటె ఉత్తరం అద్దాలు బాగు చేయించి చదువుతానని ఉంచుకున్నాను. అబద్ధం మీద అబద్ధం.

నాకు తెలుసు నాన్నా అంది.

భర్తలు సరిహద్దులో ఉన్న కుటుంబాలన్నిటినీ ఒకచోట ఉంచిన క్వార్టర్స్ అవి. పన్నెండు కుటుంబాలు, ఒక కుళాయి. మగవాళ్ళం తలా ఒక యూనిట్, ఒకరికొకరం తెలియదు. ఆడవాళ్ళు మాత్రం ఒక ఇల్లే అన్నట్టు ఉండేవారు. వాళ్ళలో ఎనిమిదో తరగతి దాకా చదివింది మా ఆవిడ ఒక్కతే. సోమవారం టపా బండి వస్తుందని ఆదివారం మధ్యాహ్నం అందరూ మా గది ముందు చేరేవారు. వాళ్ళు చెప్పడం, తను రాయడం. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మడతలకు గమ్ము తడిపి అంటించే పని దానిది. నాలుక రోజంతా తీపిగా ఉండేదట.

మరి నా ఉత్తరం ఎప్పుడు రాసేది అని అడిగాను.

అందరూ వెళ్ళాక అంది. కలం నోట్లో పెట్టుకుని అలా కూర్చునేది నాన్నా. అమ్మకు చెప్పుకోవడం రాదు. నీకు జ్వరాలూ ఫీజులూ రాసి, ఆ తర్వాత ఇంకేం రాయాలో తెలిసేది కాదు. అప్పుడు ఆ మధ్య విన్నవాటిలో ఏది బాగుంటే అది తీసి నీ ఉత్తరంలో పెట్టేది. ఒకసారి అడిగాను. ఆయనకూ ఒక మంచి మాట వెళ్ళాలి కదే అంది.

నువ్వు ముందే చెప్పొచ్చు కదా అన్నాను. నువ్వు ఆ రోజు ఫోన్లో ఎంత ఎగిరావో నీకేం తెలుసు అంది.

రెండు ఉత్తరాలూ మడిచి జేబులో పెట్టుకున్నాను.

జూన్ 11, బుధవారం

ఉత్తరాలన్నీ మంచం మీద పరిచాను. ఏది తనది, ఏది అప్పు తెచ్చినది? బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుతున్నాను, ఏది బియ్యమో ఏది రాయో తేలడం లేదు.

మంచి వాక్యం కనపడితే చాలు, భయం వేస్తోంది.

జూన్ 12, గురువారం

సంఘం హాలుకు వెళ్ళాను. సెక్రటరీ టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. ఊరికే అడుగుతున్నట్టు అడిగాను. ఒకరు చెబితే ఇంకొకరు రాశారనుకో, ఆ మాట ఎవరిదవుతుందంటావు?

సెక్రటరీ సర్వీసంతా ఆఫీసు క్లర్కు. ఏమయ్యా, కల్నల్ గారి ఆర్డర్లు పదకొండేళ్ళు నేనే టైపు కొట్టాను, అందుకని పటాలాన్ని నేను నడిపించినట్టా అన్నాడు. పేపర్లో ఏమైనా చదివావా, ఎందుకడుగుతున్నావు అన్నాడు. ఏం లేదన్నాను.

ఎవర్ని అడిగితే నాకు కావలసిన జవాబు వస్తుందో ఆలోచిస్తూ ఇంటికొచ్చాను. ఎవరూ తట్టలేదు.

జూన్ 14, శనివారం

గరిటె ఇంటికి వెళ్ళాను. మీ ఆవిడ ఎలా మాట్లాడేదోయ్ అని కదిపాను. చాలు, మూత తీసిన గిన్నె అయిపోయాడు.

ఆవిడకు వస్తువులంటే మనుషులేనట. గొళ్ళెం పడకపోతే దీనికివాళ ఒళ్ళు బాగాలేదు అనేదట. చెప్పు తెగితే పాపం ఎంత దూరమని వస్తుంది అనేదట. జబ్బు చేసి మంచాన పడ్డాక ఒకరోజు, నన్ను తీసుకెళ్ళి ఎండలో పెట్టండి, బూజు పట్టేలా ఉన్నాను అందట. చెబుతూ నవ్వాడు గరిటె, నవ్వుతూనే ముక్కు తుడుచుకున్నాడు.

ఇంకేం మిగిలింది? ఆ వాక్యం ఆవిడ నోట్లోంచి ఊడిపడ్డదే. మా ఆవిడ ముప్ఫై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అలా మాట్లాడి ఎరగదు. మా ఇంట్లో గొళ్ళెం పడకపోతే గొళ్ళెం పడటం లేదు అనేది. తర్వాత నూనె పోసేది.

చెబుదామని నోరు తెరిచాను. రొట్టె తింటావా అన్నాడు గరిటె. తిన్నాను.

జూన్ 15, ఆదివారం

చెప్పలేదు.

జూన్ 16, సోమవారం

ఇవాళా లేదు. బుధవారం రాతి పని మొదలవుతుంది. ఒకసారి ఉలి పడ్డాక నేను ఏం చెప్పినా రాయి వినదు. ఇరవై రెండో తేదీన ఎవరో పైకి చదువుతారు. గరిటె కళ్ళు మూసుకుని వింటాడు. తన భార్య మాట, కింద నా భార్య పేరు.

జూన్ 17, మంగళవారం, ఉదయం 10 గంటలు

సెక్రటరీకి చెప్పేశాను. మనిషి కుర్చీలోంచి లేచాడు. కాగితాలు అచ్చయ్యాయి, పిలుపులు వెళ్ళాయి, ఇప్పుడు నీకు ధర్మం గుర్తొచ్చిందా అన్నాడు. వయసు మీద పడి గందరగోళ పడుతున్నావు, వెళ్ళి పడుకో అని కూడా అన్నాడు. గందరగోళం నిజమే. కానీ ఈ ఒక్కటీ తప్ప మిగతావన్నీ గందరగోళం.

రెండు ఉత్తరాలూ బల్ల మీద పెట్టాను. తేదీలు చూపించాను. అమ్మాయి చెప్పింది చెప్పాను. చాలాసేపు చూసి, మరి మీ ఆవిడకు ఏం మిగులుతుందయ్యా అన్నాడు, ఈసారి మెల్లగా.

జాబితాలో పేరు అన్నాను. పందొమ్మిదోది.

గరిటె ఒప్పుకుంటేనే మారుస్తానన్నాడు. రేపు రాతి పనివాడు వచ్చేలోపు తీసుకురమ్మన్నాడు.

మధ్యాహ్నం 3

గరిటె గడప మీదే చెప్పాను, లోపలికెళితే మళ్ళీ రొట్టె పెడతాడని. అంతా చెప్పాను. ఆ రోజు ఆ వరుస కావాలనే దాటేశానని కూడా.

తెలుసులే, అద్దాలు నీ ముక్కు మీదే ఉన్నాయి అన్నాడు. ఎందుకు దాటేశావో తెలియక పది రోజులుగా నేనూ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నా అన్నాడు.

వాళ్ళావిడ స్వయంగా రాయలేదని వింటే కుంగిపోతాడేమో అనుకున్నాను. కుంగలేదు. ఆవిడకు రాయడం రాదు, నాకు చదవడం రాదు, మధ్యలో ఇద్దరు మోశారని నాకెప్పుడో తెలుసు అన్నాడు. వండింది నేనైతే వడ్డించింది వేరేవాళ్ళు, కూర ఎవరిదంటావు అన్నాడు. నా మొహం చూసి, వడ్డించే చేయి బాగుండకపోతే ఎవరూ తినరులే అన్నాడు.

తర్వాత మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ మాట చెప్పేటప్పుడు మా ఇంటిది నవ్వుతూ చెప్పిందా, ఏడుస్తూ చెప్పిందా, మీ ఆవిడ ఎప్పుడైనా అన్నదా అని అడిగాడు.

అది తెలిసిన మనిషి ఒక్కతే. నాలుగేళ్ళ కిందటి దాకా మా ఇంట్లోనే ఉంది. నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఇద్దరం కలిసి సెక్రటరీ దగ్గరకు వెళ్ళాం.

జూన్ 18, బుధవారం

ఉలి చప్పుడు విని వచ్చాను. నా సంతోషం ఏమైందో తెలియడం లేదు. పోలేదు. ఉన్నట్టూ లేదు.

గరిటె ప్రశ్న అమ్మాయికి చెప్పాను. వాళ్ళావిడ, ఆ పొడుగు పిన్ని, ఎప్పుడూ నా వెనక కూర్చుని జడ వేస్తూ చెప్పేది నాన్నా, మొహం నాకు కనపడేది కాదు అంది. అమ్మ మాత్రం ఎదురుగా ఉండేది అంది.

జూన్ 20, శుక్రవారం

పేజీ రాయడం పూర్తయింది. ప్రశ్నల కాగితం పక్కన పడేశాను. ఉత్తరాల్లో ఎవరి దగ్గరా తెచ్చుకుని ఉండని మాటలు ఏరాను. అవి తేలికగానే దొరికాయి.

జూన్ 22, ఆదివారం, రాయి తెరిచిన రోజు

హాలు నిండింది. ఒకాయన బ్యూగిల్ ఊదాడు, కట్టుడు పళ్ళతో అంత చక్కగా ఎలా ఊదాడో. తెర తీశారు. వాక్యం, దాని కింద గరిటె భార్య పేరు. సెక్రటరీ పైకి చదివాడు. గరిటె కళ్ళు మూసుకోలేదు. రాయి దగ్గరకెళ్ళి, ఎక్కడ మొదలవుతుందయ్యా అని నన్నడిగాడు. తన వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టాను. చివరిదాకా వేలు జరుపుకుంటూ వెళ్ళాడు. వెనక ఎవరూ తొందరపెట్టలేదు.

నా వంతు వచ్చింది. అమ్మాయి పక్కకొచ్చి కాగితం పట్టుకుంది. చదివాను.

“చిన్నదానికి జ్వరం తగ్గింది. కుళాయి వాషర్ నేనే మార్చాను. బడి ఫీజు కట్టేశాను, ఆ దిగులు పెట్టుకోకండి. మీ చలికోటు గుండీ ఊడితే పారేయకండి, జేబులో వేసుకోండి, వచ్చినప్పుడు కుడతాను.”

గుండీ దగ్గర హాల్లో నవ్వులు. నాకు కోపం రాలేదు. ఈ ఉత్తరాలు రాసిన చేయే ఆ పన్నెండు గదుల ఉత్తరాలన్నీ రాసింది, దయచేసి మీ ఇళ్ళలో ఉంటే చూసుకోండి అని చెప్పి దిగాను. ఆ మాట కాగితంలో లేదు. ఎందుకన్నానో తెలియదు.

జూన్ 23, సోమవారం

పొద్దున్నే బ్యూగిల్ ఆయన వచ్చాడు. చేతిలో వాళ్ళావిడ రాయించి పంపిన ఒకే ఉత్తరం. ఈ అక్క ఎవరా అని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నానండీ అన్నాడు. ఇచ్చి, కూర్చోకుండా వెళ్ళిపోయాడు.

చేతిరాత మా ఆవిడదే. చివర ఇలా ఉంది.

“మాకు రాసిపెట్టే అక్కకు వాళ్ళాయన నుంచి నెల రోజులుగా ఉత్తరం లేదు. మా అందరివీ రాస్తుంది గానీ తనది మొదలుపెడితే కలం కదలదు, కూర్చుని ఏడుస్తుంది. ఇది రాయనంటోంది. ఉత్తరం నాది, నా ఇష్టం అన్నాను. రాస్తోంది.”

‘ఏడుస్తుంది’ అన్న మాట ఒకసారి కొట్టేసి ఉంది. పక్కనే మళ్ళీ రాసి ఉంది.